వాలిన రెప్పకి, జారిన బుగ్గకి ట్రీట్‌మెంట్లు: రీసెర్చ్ కొలిచింది ఎన్ని మిల్లీమీటర్లు?

ఈమధ్య ఇన్‌స్టా తెరిస్తే చాలు, కంట్లో ఒక చుక్క వేస్తే వాలిన రెప్ప లేస్తుందని ఒక రీల్, కత్తి పెట్టకుండా మిషన్‌తోనే ముఖం బిగుస్తుందని ఇంకో రీల్, రోజూ అరగంట బుగ్గలకి ఎక్సర్‌సైజ్ చేస్తే వయసు తగ్గి కనిపిస్తారని మరొకటి, అన్నిటి కిందా ‘క్లినికల్లీ ప్రూవెన్’ అనే మాట మాత్రం కామన్. 2025 మార్చిలో బరువు తగ్గించే ఇంజెక్షన్ మౌంజారో మన దేశంలోకి వచ్చాక, ఇంజెక్షన్లతో బరువు తగ్గినవాళ్లు ముఖం జారిపోయింది ఏం చేయాలి అని అడగడం కూడా మొదలైంది. ఈ ట్రీట్‌మెంట్లలో చాలావాటికి నిజంగానే స్టడీలు ఉన్నాయి, ఉత్త కబుర్లేం కాదు. కాకపోతే ఒక్కో స్టడీ ఒక్కోదాన్ని కొలిచింది, కొన్ని పోల్చి చూడటానికి రెండో గ్రూపు పెట్టుకున్నాయి, కొన్ని పెట్టుకోలేదు, కొన్ని మూడు నెలలకే ఆగిపోయాయి, కొన్ని పదేళ్లు వెంటపడ్డాయి. ఇవేవీ చూడకుండా ‘86 శాతం మందికి పనిచేసింది’ అన్న అంకె ఒక్కటి చదివితే ఏమీ అర్థం కాదు. అందుకే ఆ స్టడీలని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

అసలు వాలింది ఏది: రెప్పా, చర్మమా, కనుబొమ్మా?

పై రెప్పని ఎత్తేది ముఖ్యంగా ఒక కండరం, పేరు లెవేటర్. మెదడు నుంచి వచ్చే మూడో నరం దాన్ని నడిపిస్తుంది. దాని వెనకాలే ముల్లర్ కండరం అని ఇంకో చిన్నది ఉంటుంది, ఇది మన ఇష్టంతో పనిచేసేది కాదు, భయపడినప్పుడు కళ్లు పెద్దవయ్యేలా చేసే సింపథెటిక్ నరాల చేతిలో ఉంటుంది, రెప్పని ఓ రెండు మిల్లీమీటర్లు ఎత్తి ఉంచడం దాని వాటా. వయసు మీద పడినవాళ్లలో ఎక్కువగా జరిగేది ఏంటంటే, లెవేటర్ కండరానికి బలం ఉంటుంది కానీ దాన్ని రెప్పకి కలిపే పలచటి పొర సాగిపోతుంది లేదా ఊడిపోతుంది. గిలక దగ్గర లాగే మనిషి బలంగానే ఉన్నాడు, తాడే చేదకి వదులైపోయింది అనుకోండి. దీన్నే డాక్టర్లు టోసిస్ అంటారు, రెప్ప అంచే కిందికి దిగిపోవడం అన్నమాట.

రెండోది వేరే కథ. రెప్ప అంచు ఉండాల్సిన చోటే ఉంటుంది, దాని మీది చర్మం ఎక్కువై మడతపడి వెంట్రుకల మీదకి వేలాడుతుంది. దీన్ని డెర్మటోకలేసిస్ అంటారు. మూడోది కనుబొమ్మే కిందికి జారడం, అప్పుడు దాని బరువంతా రెప్ప మీద పడుతుంది. ఒకే మనిషికి ఈ మూడూ కలిసి ఉండొచ్చు, అద్దంలో మాత్రం అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

కొలత ఎలా తీస్తారో తెలిస్తే మిగతాదంతా తేలిక. డాక్టర్ ఎదురుగా కూర్చుని టార్చ్ వేస్తే నల్లగుడ్డు మధ్యలో ఒక తెల్లటి మెరుపు చుక్క కనిపిస్తుంది కదా, ఆ చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లు ఉందో స్కేల్ పెట్టి చూస్తారు. దీనికి ఎంఆర్‌డీ-1 అని పేరు. మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. 2కి పడిపోయిందంటే రెప్ప కనుపాప పై అంచు దాకా వచ్చేసినట్టే, పైచూపు తగ్గడం మొదలవుతుంది.

ఇప్పుడు ఇద్దరు పెద్దవాళ్లని ఊహించుకోండి. ఒకావిడకి చర్మం మడత కంటి మీద పరదాలా పడింది, వేలితో ఆ మడత పైకెత్తి కొలిస్తే రెప్ప అంచు 4 మిల్లీమీటర్ల దగ్గరే ఉంది. ఇంకొకాయనకి చర్మం బాగానే ఉంది కానీ కొలత 1.5. ఇద్దరూ ‘రెప్ప వాలింది’ అనే చెప్తారు, కానీ కండరాన్ని బిగించే చుక్కల మందు వల్ల మొదటావిడకి ఒరిగేదేమీ ఉండదు, చర్మం కత్తిరిస్తే రెండో ఆయనకి రెప్ప లేవదు. ఏ స్టడీ చదివినా ముందు చూడాల్సింది అందులోకి ఎవర్ని తీసుకున్నారన్నదే.

ట్రీట్‌మెంట్ మాట పక్కనపెట్టి కారణం వెతికే టోసిస్

ఈ భాగాన్ని త్వరగా దాటేయబుద్ధి కావట్లేదు, ఎందుకంటే రెప్ప ట్రయల్స్‌లోంచి ఇలాంటి పేషెంట్లని ముందే తీసేస్తారు, రీల్స్‌లో మాత్రం ఎవరూ తీసేయరు. రెప్ప ఉన్నట్టుండి వాలి, కంటిగుడ్డు బయటికి-కిందికి తిరిగిపోయి, కనుపాప పెద్దదై, తలనొప్పి కూడా ఉందంటే మెదడులో రక్తనాళం ఉబ్బి మూడో నరాన్ని నొక్కుతోందేమో అని చూడాలి, అది గంటల్లో తేలాల్సిన ఎమర్జెన్సీ. షుగర్ ఉన్నవాళ్లలో అదే నరానికి సన్న రక్తనాళాల దెబ్బ తగిలి రెప్ప వాలొచ్చు, అందులో చాలావరకు కనుపాప మామూలుగానే ఉంటుంది, కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. కొంచెమే వాలి కనుపాప చిన్నదైతే హార్నర్ సిండ్రోమ్, అంటే ఇందాకటి సింపథెటిక్ నరాల దారి దెబ్బతినడం, మెడలో రక్తనాళం చీలడం దాని కారణాల్లో ఒకటి. పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప బరువెక్కుతుంటే మయస్థీనియా గ్రావిస్ అనుమానిస్తారు, నరం పంపే సంకేతం కండరానికి సరిగ్గా అందని జబ్బు ఇది, దీనికి ఐస్ టెస్ట్ ఉంది, మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్ ప్యాక్ పెట్టి తీస్తే రెప్ప 2 మిల్లీమీటర్లు లేస్తే పాజిటివ్ కింద లెక్క.

మన ఊళ్లలో ఇంకోటి ఉంది. కట్లపాము కాటుకి వాపూ నొప్పీ పెద్దగా ఉండకపోవచ్చు, రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కళ్లు తెరవలేకపోతున్నాడంటే అది విషం నరాలకి ఎక్కుతున్న తొలి గుర్తుల్లో ఒకటి, తర్వాత ఊపిరి తీసే కండరాల వంతు వస్తుంది.

పక్షవాతంతో కలిపేసుకునే తికమక కూడా ఉంది. మూతి వంకర పోయే బెల్స్ పాల్సీలో దెబ్బతినేది ఏడో నరం, అక్కడ రెప్ప మూతపడదు. మూడో నరం దెబ్బతింటే రెప్ప తెరుచుకోదు. రెండూ ఉల్టా.

చుక్కల మందు ట్రయల్: ఒక్క మిల్లీమీటర్ లెక్క

ఇక అసలు విషయం. 2020 జులైలో మందులకి అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ, పెద్దవాళ్లలో వచ్చే టోసిస్‌కి ఆక్సీమెటజోలిన్ 0.1 శాతం చుక్కల్ని ఆమోదించింది, అప్‌నీక్ అనే పేరుతో. ఈ మందు పేరు ఎక్కడో విన్నట్టుందా, ముక్కు దిబ్బడకి వేసుకునే నేసివియాన్‌లో ఉండేది ఇదే. కాకపోతే ముక్కు చుక్కల మోతాదు వేరు, తయారీ వేరు, అందులో కలిపే నిల్వ పదార్థాలు కంటి కోసం ఉద్దేశించినవి కావు, కాబట్టి రెండూ ఒకటే అనుకుని ఆ సీసా కంట్లో ఒంపుకోవడం ప్రమాదం. ఈ చుక్క పనిచేసేది ఇందాక చెప్పిన ముల్లర్ కండరం మీద, దాన్ని కొన్ని గంటలు బిగిస్తుంది. తాడు అలాగే వదులుగా ఉంటుంది, సాయం పట్టే చిన్న చేయి కాస్త గట్టిగా లాగుతుంది, అంతే.

దీని మీద జరిగిన రెండు పెద్ద ట్రయల్స్‌ని కలిపి 2020లో జామా ఆఫ్తల్మాలజీ అనే వైద్య పత్రికలో వేశారు. మొత్తం 304 మంది, 203 మందికి మందు, 101 మందికి మందు లేని ఉత్త చుక్కలు, ఎవరికి ఏది వేస్తున్నారో పేషెంటుకీ తెలియదు డాక్టరుకీ తెలియదు, రోజుకోసారి 42 రోజులు. కంపెనీ చేయించిన ట్రయలే, కానీ పద్ధతి మాత్రం గట్టిది.

14వ రోజు కొలిస్తే మందు గ్రూపులో ఎంఆర్‌డీ-1 సగటున 1.16 మిల్లీమీటర్లు పెరిగింది. యాడ్‌లో కనిపించేది ఈ అంకె. కానీ ఉత్త చుక్కలు వేసుకున్నవాళ్లలో కూడా 0.50 పెరిగింది! మందు లేకుండా అర మిల్లీమీటర్ ఎలా లేచింది అంటే, పరీక్ష అంటే జనం తెలియకుండానే కళ్లు కాస్త పెద్దవి చేస్తారు, నుదురు ఎత్తుతారు, బాగా వాలి ఉన్న రోజే డాక్టర్ దగ్గరికి వచ్చి ఉంటే తర్వాత మామూలు స్థితికి వస్తారు, ఇలాంటివన్నీ కలుస్తాయి. మందు సొంతంగా చేసింది 1.16లోంచి 0.50 తీసేస్తే 0.66 మిల్లీమీటర్. మొదటి రోజు లెక్క చూస్తే 0.96 లోంచి 0.50 పోగా 0.46.

ఇంత చిన్నదా అని కొట్టిపారేయడం కూడా తప్పే. ఎంఆర్‌డీ 1.5 ఉన్నాయనకి అర మిల్లీమీటర్ పైన పెరిగితే కనుపాప మీంచి రెప్ప అంచు తప్పుకుంటుంది, అందుకే ట్రయల్‌లో ముఖ్య కొలతగా అందాన్ని కాకుండా పైచూపు ఎంతమేర కనిపిస్తోందన్న పరీక్షని పెట్టుకున్నారు. 14వ రోజు ఆ పరీక్షలో కనిపించే పాయింట్లు మందు గ్రూపుకి సగటున 7.1 పెరిగితే ఉత్త చుక్కల గ్రూపుకి 2.4 పెరిగాయి. తేడా నిజమే. అయితే ఆ తేడా చుక్క వేసిన రోజుకే, మర్నాడు మళ్లీ వేసుకోవాలి. సర్జరీ వద్దనుకునే పెద్దవాళ్లకి, కొంచెమే వాలినవాళ్లకి ఇది మంచి దారి అని ఒక వర్గం డాక్టర్లు అంటారు, జీవితాంతం రోజూ కొనాల్సిన మందుకి బదులు ఒకసారి ఆపరేషన్ అయిపోతే మేలు కదా అని ఇంకో వర్గం. ఆ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి తేల్చే పని ఈ ట్రయల్స్ చేయలేదు, ఇవి పోల్చింది ఉత్త చుక్కలతోనే.

కవలల రెప్పలు, కాంటాక్ట్ లెన్సులు

రెప్ప వాలడం వంశపారంపర్యమా, మన అలవాట్ల వల్లా అన్నది తేల్చడం కష్టం, ఎందుకంటే ఇద్దరు మనుషులకి జన్యువులూ వేరే అలవాట్లూ వేరే. అందుకని అమెరికాలో కొందరు ప్లాస్టిక్ సర్జన్లు ఒహాయోలో ఏటా జరిగే కవలల పండగలో తీసిన ఫొటోలు వాడారు. 96 జతల ఒకేలాంటి కవలల్ని చూసి 2015లో చెప్పిందేంటంటే, లెన్స్ పెట్టుకోనివాళ్లలో రెప్ప వాలడం సగటున 1.00 మిల్లీమీటర్, సాఫ్ట్ లెన్స్ వాళ్లలో 1.41, హార్డ్ లెన్స్ వాళ్లలో 1.84. లెన్స్ తీసేటప్పుడు రోజూ రెప్పని లాగడం, లోపల రాపిడి, వీటివల్ల ఆ పలచటి పొర వదులవుతుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఇది కారణాన్ని నూటికి నూరుపాళ్లు నిరూపించే ట్రయల్ కాదు, కానీ జన్యువుల తేడా అనే వాదనని పక్కకి తప్పించగలిగిన స్టడీ కాబట్టి నాకు దీని మీద గౌరవం ఎక్కువ.

ఒకే జబ్బుకి మూడు రకాల ఆపరేషన్ ఎందుకు

ఇక్కడ ఇంకో కొలత వస్తుంది. కనుబొమ్మని బొటనవేలితో కదలకుండా నొక్కి పట్టుకుని, కిందికి చూడమని, ఆ తర్వాత పూర్తిగా పైకి చూడమని, రెప్ప అంచు ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో చూస్తారు. మామూలు మనిషికి 12 పైన ఉంటుంది. వయసు వల్ల వచ్చే టోసిస్‌లో ఇది దాదాపు మామూలుగానే ఉంటుంది, కాబట్టి సాగిన పొరని ముందుకి లాగి మళ్లీ కుట్టేస్తే సరిపోతుంది. కొంచెమే వాలినవాళ్లకి ముందు ముల్లర్ కండరాన్ని బిగించే ఫినైల్‌ఎఫ్రిన్ చుక్క వేసి రెప్ప లేస్తుందా అని చూసి, లేస్తే లోపలివైపు నుంచి ముల్లర్ కండరాన్ని కుదించే ఆపరేషన్ చేస్తారు, బయటికి మచ్చ కనపడదు. పుట్టుకతో వచ్చేదాంట్లో చాలామంది పిల్లలకి కండరమే సరిగ్గా తయారై ఉండదు, కదలిక 4 మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉంటే ఎంత లాగి కుట్టినా లాభం ఉండదు, అప్పుడు సిలికాన్ రాడ్‌తోనో తొడ నుంచి తీసిన పొరతోనో రెప్పని నుదుటి కండరానికి కట్టేస్తారు. పిల్లాడు నుదురు ఎత్తితే కన్ను తెరుచుకుంటుంది. పిల్లల్లో ఆలస్యం చేయకూడదనేది అందం కోసం కాదు, కనుపాప మూసుకుపోయి ఉంటే ఆ కంటి చూపే మెదడులో ఎదగదు, తర్వాత రెప్ప ఎత్తినా పోయిన చూపు పూర్తిగా రాకపోవచ్చు.

సర్జరీ రీసెర్చ్‌కి ఒక పెద్ద ఇబ్బంది ఉంది, ఉత్త చుక్కల్లాగా ఉత్త ఆపరేషన్ చేసి పోల్చడం కుదరదు. అందుకని ఎక్కువ స్టడీలు పాత కేస్ షీట్లు తిరగేసి రాసినవే. పైగా రెండు రెప్పలకీ మెదడు నుంచి వెళ్లే ఆర్డర్ ఒకటే, వాలిన రెప్పని ఎత్తగానే రెండోవైపు రెప్ప కాస్త దిగొచ్చు, దాన్ని హెరింగ్ సూత్రం అంటారు, సర్జరీ బాగా జరిగినా రెండు కళ్లూ సమానంగా లేవని మళ్లీ టేబుల్ ఎక్కేవాళ్లు ఉండేది కొంతవరకు దీనివల్లే.

ముఖం జారడంలో చర్మానిది ఒక వంతే

ముఖం జారిందంటే క్రీములు అమ్మేవాళ్లు చర్మం గురించే మాట్లాడతారు. నిజానికి వయసుతో కంటి గూడు ఎముక, దవడ ఎముక అరుగుతాయి, బుగ్గలో కొవ్వు కొన్నిచోట్ల తగ్గి కొన్నిచోట్ల కిందికి చేరుతుంది, లోపల పట్టి ఉంచే కట్లు సాగుతాయి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ తగ్గుతుంది. చర్మం కింద, కొవ్వు లోపల, ముఖ కండరాలకి అంటుకుని ఒక గట్టి పొర ఉంటుంది, స్మాస్ అంటారు, దాన్ని 1976లో మిట్జ్, పెయ్‌రోనీ అనే ఇద్దరు పారిస్ డాక్టర్లు వివరంగా రాశాకే ఫేస్‌లిఫ్ట్ అంటే చర్మం లాగి కత్తిరించడం అన్న పద్ధతి మారింది. బరువు వేగంగా తగ్గినవాళ్లలో జరిగేది ప్రధానంగా కొవ్వు పోవడం, ఇంజెక్షన్‌తో తగ్గినా బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీతో తగ్గినా ముఖం పీక్కుపోవడం ఉంటుంది. అలాంటి ముఖానికి చర్మం బిగించే మిషన్ ఎంతవరకు పనికొస్తుందన్నది, వయసువల్ల జారిన ముఖాల మీద చేసిన స్టడీలో చూసి చెప్పలేం.

మిషన్ స్టడీ, ఎక్సర్‌సైజ్ స్టడీ పక్కపక్కన

మొదట్లో చెప్పిన 86 శాతం ఎక్కడిదంటే, అల్థెరా అనే అల్ట్రాసౌండ్ మిషన్ మీద 2010లో వచ్చిన ఒక స్టడీది. చర్మం కింద లోతులో చిన్నచిన్న చోట్ల వేడి పుట్టించి కణజాలాన్ని బిగించడం దీని ఐడియా. 36 మందిని తీసుకుంటే 35 మంది లెక్కకి వచ్చారు, ముందు ఫొటో ఏదో తర్వాత ఫొటో ఏదో చెప్పకుండా ముగ్గురు డాక్టర్లకి చూపించారు, 35 మందిలో 30 మందికి కనుబొమ్మ లేచిందని తేలింది, అదే 86 శాతం. 90 రోజులకి కనుబొమ్మ లేచింది సగటున 1.7 మిల్లీమీటర్లు. ఫొటో వరస దాచడం మంచి పనే. కానీ మిషన్ తగిలించి వేడి మాత్రం ఇవ్వని గ్రూపు ఇందులో లేదు. చుక్కల ట్రయల్‌లో ఏ మందూ లేకుండానే అర మిల్లీమీటర్ వచ్చిందని చూశాం కదా, ఇక్కడ 1.7లో అలాంటి వాటా ఎంతో విడదీసే దారి లేదు. పైగా 86 శాతం అంటే ముఖం 86 శాతం బిగిసిందని కాదు, ఫొటోలు చూసిన డాక్టర్లకి ఎంతమందిలో తేడా కనిపించిందో ఆ వంతు అది.

ఫేస్ యోగాకి చూపించే స్టడీ 2018 నాటిది, జామా డెర్మటాలజీలో వచ్చింది. 40 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లు 27 మంది చేరారు, ఎనిమిది వారాలు రోజూ అరగంట, ఆ తర్వాత 20వ వారం దాకా రోజు విడిచి రోజు. ఫొటోలు చూసి అంచనా వేసిన సగటు వయసు 50.8 నుంచి 48.1కి వచ్చింది. బాగానే ఉంది కదా, ఇప్పుడు దగ్గరగా చూడండి. చివరిదాకా చేసింది 16 మందే, 11 మంది మధ్యలో మానేశారు, ఫలితం కనపడనివాళ్లే మానేసి ఉంటే సగటు ఫలితం దానంతటదే మెరుగ్గా కనిపిస్తుంది. ముఖంలో 20 అంశాలు చూస్తే మెరుగుపడింది పై బుగ్గ, కింది బుగ్గ నిండుదనం మాత్రమే. ఇక్కడా రెండో గ్రూపు లేదు. అలాగని బూటకం అనలేం, కండరం పెరిగితే బుగ్గ నిండడం అసాధ్యమేం కాదు, ఖర్చు లేదు, పెద్ద ప్రమాదం లేదు. 16 మంది మీద చేసిన తొలి ప్రయత్నంగా చదివితే సరైన విలువ దొరుకుతుంది.

ప్రమాదం మాటకొస్తే మిషన్లన్నీ ఒకటి కాదు. సూదులతో లోపలికి రేడియో తరంగాల వేడి పంపే ఆర్‌ఎఫ్ మైక్రోనీడ్లింగ్ గురించి 2025 అక్టోబరులో ఎఫ్‌డీఏ ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది, కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగి ముఖం గుంటలు పడటం, నరాలు దెబ్బతినడం లాంటి రిపోర్టులు వచ్చాయని. ముఖం జారిందని వెళ్లినవాళ్లకి ఉన్న కొవ్వు కూడా కరగడం ఎంత నష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఫేస్‌లిఫ్ట్‌లో సర్జన్ల గొడవ

స్మాస్ పొరని మడిచి కుడితే చాలనేవాళ్లు ఒకవైపు, దాని కిందికి వెళ్లి చర్మం, కొవ్వు, స్మాస్ అన్నీ కలిపి ఎత్తాలనే డీప్ ప్లేన్ వాళ్లు ఒకవైపు. ఈ పేరుని 1990లో వాడుకలోకి తెచ్చింది డల్లాస్ సర్జన్ శామ్ హామ్రా. లోతుగా వెళ్తే ముక్కు పక్క గీత, మధ్య బుగ్గ బాగా సర్దుకుంటాయి, ఎక్కువ కాలం నిలుస్తుంది అంటారు డీప్ ప్లేన్ వాళ్లు. ముఖ నరం కొమ్మలకి అంత దగ్గరగా వెళ్లాల్సిన అవసరం ఏంటి అంటారు మడిచి కుడితే చాలనేవాళ్లు.

దీన్ని తేల్చడానికి 1996లో వచ్చిన ఒక స్టడీ పద్ధతి చాలా చక్కనిది. 21 మందికి ఒకే ముఖంలో ఒక పక్క మామూలు స్మాస్ పద్ధతి, రెండో పక్క ఇంకా లోతుగా, విస్తృతంగా వెళ్లే పద్ధతి చేశారు. అదే చర్మం, అదే వయసు, అదే ఎండ. ఏడాది తర్వాత చూసినవాళ్లు రెండు పక్కల మధ్య తేడా పట్టుకోలేకపోయారు. ఇంకో ప్రయత్నంలో 1995లో రెండు జతల కవలలకి నలుగురు పేరున్న సర్జన్లు, హామ్రాతో సహా, తలా ఒకరికి తమ తమ పద్ధతిలో ఆపరేషన్ చేసి ఒకటి, ఆరు, పదో ఏట ఫొటోలు తీశారు, 2009లో ప్రచురించారు. నలుగురే పేషెంట్లు కాబట్టి ఏది గెలిచిందని లెక్క కట్టడం కుదరదు, కానీ పదేళ్ల ఫొటోలు దొరకడం ఈ రంగంలో అరుదు. డీప్ ప్లేన్ వాళ్లు 1996 స్టడీకి చెప్పే జవాబులోనూ బలం ఉంది, 21 మందిలో చిన్న తేడా ఉన్నా కనపడకపోవచ్చు, ఏడాది సరిపోదు, అప్పటి పద్ధతికీ ఇప్పటిదానికీ మార్పులు వచ్చాయి అంటారు. రీల్స్‌లో డీప్ ప్లేన్ ఇప్పుడు ఊపు మీద ఉంది కానీ ఆ ఊపుకి సరిపడా రెండు పక్కల పోలిక స్టడీలు దాని వెనకాల లేవు.

ఇన్సూరెన్స్ ఎక్కడ గీత గీస్తుంది

మిల్లీమీటర్ల లెక్క చివరికి డబ్బు దగ్గరికి కూడా వస్తుంది. మన ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూల్స్‌లో ఎక్స్‌క్లూజన్ (మినహాయింపు) 08 ప్రకారం కాస్మెటిక్ సర్జరీకి పాలసీ డబ్బులు ఇవ్వరు, యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేసేదైతే, లేదా ఆరోగ్యానికి ఉన్న ప్రత్యక్ష ముప్పుని తొలగించడానికి వైద్యపరంగా అవసరమని చూస్తున్న డాక్టర్ సర్టిఫై చేస్తే తప్ప. టోసిస్ సర్జరీ ఈ గీతకి రెండువైపులా పడుతుంది. అందం కోసమా చూపు కోసమా అన్నది తేల్చడానికి అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తల్మాలజీ 2011లో అప్పటిదాకా ఉన్న స్టడీలు చూసి కొన్ని గీటురాళ్లు రాసింది, ఎంఆర్‌డీ-1 రెండు మిల్లీమీటర్లు లేదా అంతకంటే తక్కువ ఉండటం, పైచూపు కనీసం 12 డిగ్రీలు లేదా 24 శాతం తగ్గి ఉండటం, కిందికి చూసి చదివేటప్పుడు రెప్ప అడ్డం రావడం లాంటివి. అవి మన ఇన్సూరెన్స్ కంపెనీల్ని కట్టడి చేసే రూల్స్ కావు, కానీ ఫైల్‌లో ఏ కాగితం ఉంటే వాదన నిలబడుతుందో వాటిని చూస్తే తెలుస్తుంది. చూపు ఎంతమేర అందుతోందో చూసే విజువల్ ఫీల్డ్ టెస్ట్ రెండుసార్లు చేస్తారు, ఒకసారి రెప్ప ఎలా ఉందో అలాగే, రెండోసారి రెప్పని టేప్‌తో పైకి అంటించి. టేప్ వేశాక పైచూపు ఎంత పెరిగిందో ఆ రెండు ప్రింటౌట్లు పక్కపక్కన పెడితే కనిపిస్తుంది, దానికి తోడు స్కేల్ కొలతతో తీసిన ఎదురు ఫొటో ఉంటుంది.